కట్టని ఓడకు కట్టిన బయానా

క్రౌడ్ ఫండింగ్ అనేది ఈ తరం కనిపెట్టిందేనని మా మనవడి నమ్మకం. ‘తలా ఇన్ని పైసలేసుకొని, ఇంకా తయారుగాని వస్తువును తయారు చేయించుకునుడు తాతా, కొత్త పద్ధతి’ అని నాకు పాఠం చెప్తాడు. కొత్త పద్ధతట! వీడి తాతల తాతలు ఊళ్లో బొడ్రాయి పండుగ నుంచి గుడి గోపురం దాకా అన్నీ అట్లా చేయించుకున్నవాళ్లే. మా జనగామ పక్కనే పెంబర్తి ఉంది. ఇత్తడి రేకు మీద సుత్తి దెబ్బలతో దేవుళ్ల రూపాలు లేపే ఊరు. 2010లో ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ధ్వజస్తంభానికి ఇత్తడి తొడుగు చేయించాలంటే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఏం చేసేవారు? ఇంటికింత అని చందా రాసేవారు. భూమి ఉన్నవాళ్లు ఎకరాల లెక్కన, లేనివాళ్లు రూపాయో రెండో. ఆ సొమ్ము పట్టుకొని నలుగురు పెద్దమనుషులు పెంబర్తికి పోయి బయానా ఇచ్చి వచ్చేవారు.

బయానా మాత్రమే, మొత్తం కాదు. రేకు కొనడానికి కొంత, పని సగమయ్యాక పోయి కళ్లారా చూసుకొని ఇంకొంత, తూకం వేసి తెచ్చి స్తంభానికి ఎక్కించాకనే మిగతా బాకీ. రేకు పలచనైతే తక్కెడ చెప్పేస్తుంది. ప్రతిష్ఠ ముహూర్తం దగ్గరపడుతున్నా పని కాకపోతే మావాళ్లు పనివాడి వాకిట్లో తువ్వాల పరుచుకొని కూర్చునేవారు. ఆయన ఇల్లాలు మంచినీళ్లు ఇచ్చేది, ఆయన సుత్తి అందుకునేవాడు. ఊరికొచ్చాక జమాఖర్చు గుడి అరుగు మీద పైకి చదివి వినిపించేవారు. రూపాయి ఇచ్చినవాడు కూడా ‘సున్నం బస్తాకు అంత ఎందుకైందే?’ అని అడగవచ్చు. ‘నువ్వు ఇచ్చిందెంత, అడిగేదెంత’ అని ఎవరైనా కసిరారా, మరుసటి ఏడు లెక్కల పుస్తకం ఆయన చేతికి రాదు.

వస్తువు రాకముందే డబ్బు కట్టడం మాకు తెలియదనుకోకండి. కట్టి కట్టి అలసిన తరం మాది. బజాజ్ స్కూటర్‌కు పేరు రాయించుకొని ఏళ్లకేళ్లు ఎదురుచూశాం. పెళ్లినాడు రాయించుకుంటే బిడ్డ బడికి పోయే వేళకు పిలుపు వచ్చేది. అల్లుళ్లు అలిగారు, మామలు అప్పులు చేసి నల్లబజార్లో కొన్నారు, అదంతా జరిగింది. కానీ స్కూటర్లను ఎవరికి ఎట్లా ఇవ్వాలో 1960లోనే ప్రభుత్వం కంట్రోల్ ఆర్డర్ వేసింది. బుకింగ్ డిపాజిట్ పోస్టాఫీసు పొదుపు ఖాతాలో పూచీగా ఉండేది. మన పైసలు మన పాసుబుక్కులోనే నిద్రపోయేవి, కంపెనీవాడు వాటితో బంగ్లా కట్టుకోవడానికి లేదు. తర్వాత 1983లో మారుతి కారుకు తలా 10,000 రూపాయలు కట్టమంటే రెండు నెలల్లో లక్షమందికి పైగా కట్టారు. అప్పటికి ఫ్యాక్టరీలో ఒక్క బండీ తయారు కాలేదు. అయినా అదే ఏడు డిసెంబర్ 14న మొదటి కారు తాళాలు కొన్నవాడి చేతికి అందాయి. మిగతావాళ్లకు వరుస నంబరు ఇచ్చారు. నంబరు ముందుకు జరుగుతుందో లేదో చూసుకుంటే చాలు.

చీటీల సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ‘మీ రోజుల్లో దొంగలే లేరా’ అంటారు. ఎందుకు లేరు? రాత్రికి రాత్రి తాళం వేసి, పొద్దున పాలవాడు వచ్చేసరికి జాడలేకుండా పోయినవాళ్లు ప్రతి బజారులో ఉన్నారు. అట్లా పోయినవాళ్లను చూసి చూసే కదా 1982లో చిట్ ఫండ్స్ చట్టం వచ్చింది. ఆ చట్టంలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. చీటీ నడిపేవాడు చీటీ మొత్తానికి సరిపడా సొమ్ము ముందుగానే పూచీ పెట్టాలి. ఐదు లక్షల చీటీ నడుపుతానంటే ఆ ఐదు లక్షలకు తన పూచీ చూపించి, ఆ తర్వాతే ఎదుటివాడి జేబు వైపు చూడాలి. ఊళ్లో గుట్టుగా నడిచే చీటీలకు ఇది లేదు, అందుకే అవి మునుగుతాయి. రాసిపెట్టిన పద్ధతి మాత్రం అది.

ఇక మా మనవడు. మా పెద్దబిడ్డ కొడుకు. అల్లుడిది భూపాలపల్లిలో సింగరేణి ఉద్యోగం. బాయిలోకి దిగి మస్టర్ పడితేనే ఆ రోజు లెక్కలోకి వచ్చే కొలువు. కొడుకేమో ఇంట్లో ఏసీ వేసుకొని హైదరాబాద్ కంపెనీకి పనిచేస్తూ, దేశం కాని దేశంలో ఎవరో తయారు చేస్తామన్న వీడియో గేమ్‌కు డబ్బు పంపాడు. ఆ గేమ్ పేరు నేను రాయను, దాని పంచాయితీ ఇంకా తెగలేదు. వస్తానన్న తేదీ ఎప్పుడో దాటిపోయింది. నెలనెలా ఒక ఉత్తరం వస్తుంది. కొత్త చెట్లు పెట్టామని, నీళ్లు ఇంకా బాగా మెరుస్తున్నాయని బొమ్మలు పంపుతారు. ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది, ఎప్పుడు ఇస్తారు అనే మూడు మాటలు తప్ప అన్నీ ఉంటాయి. ‘లెక్క అడుగురా’ అంటే ‘అట్ల అడుగరు తాతా, మేం కొనుక్కునేటోళ్లం కాదు, బ్యాకర్లం’ అన్నాడు. మా ఊరి గుడికి రూపాయి ఇచ్చిన ముసలామెకు ఉన్నపాటి అధికారం, వేలకు వేలు కట్టినవాడికి లేదు.

ఆ రోజు నుంచి వాడి చేత చదివించుకొని, నేను కూడా చదువుకొని, ఈ లోకాన్ని కొంత తెలుసుకున్నాను. అందులో అన్నిటికంటే పెద్దది స్టార్ సిటిజన్ అనే ఆట. క్రిస్ రాబర్ట్స్ అని ఆటల లోకంలో పేరు మోసిన మనిషి. 2012లో, అంతరిక్షంలో ఓడలు నడిపే ఆట తీస్తాను, తలా ఇంత వేయండన్నాడు. కిక్‌స్టార్టర్ అనే చందాల సైటులో 21 లక్షల డాలర్లు, తన సొంత సైటు కూడా కలుపుకుంటే నెలా రెండు నెలల్లోనే 62 లక్షల డాలర్లు వచ్చాయి. ఇస్తానన్న తేదీ 2014 నవంబర్. ఆ నవంబర్ పోయింది, దాని వెనుక చాలా నవంబర్లు పోయాయి. చందాలు మాత్రం ఆగలేదు, 80 కోట్ల డాలర్లు దాటాయి. అన్యాయంగా మాట్లాడకూడదు కాబట్టి చెప్తున్నాను, అసలేమీ ఇవ్వలేదని కాదు. సగంలో ఉన్న ఆటను జనం రోజూ ఆడుతున్నారు, బాగుందనేవాళ్లు కూడా ఉన్నారు. అయితే దాన్ని పూర్తయిన ఆట అని కంపెనీవాళ్లే అనరు. ‘ఆల్ఫా’ అంటారు. 

డబ్బు వచ్చేది ఎట్లా? ఓడలు అమ్మి. ఆటలో నడుపుకొనే ఓడలు. వాటిలో కొన్ని తయారే కాలేదు, బొమ్మ గీసి అమ్ముతారు. 2018లో ఓడలన్నీ కలిపి ఒక మూట కట్టి 27,000 డాలర్లకు పెట్టారు. అప్పటి లెక్కన 18 లక్షల రూపాయలు, మా దగ్గర రెండు ట్రాక్టర్లు వస్తాయి. అంతకుముందే వెయ్యి డాలర్లు ఖర్చు పెట్టినవాడికే ఆ మూట కంటపడేదట. ఎవరి జేబు లోతెంతో ముందే చూసుకొని పిలిచే బేరం. బ్రిటన్‌లో ప్రకటనల మీద కన్నేసి ఉంచే సంస్థ 2021లో కల్పించుకున్నాక, ఇంకా తయారుకాని ఓడల ప్రకటనల కింద ఆ సంగతి రాయడానికి కంపెనీ ఒప్పుకుంది. అంటే, వస్తువు లేదని కొనేవాడికి చెప్పడానికి కూడా బయటివాడు వచ్చి అడగాల్సి వచ్చింది.

నాకు ఒళ్లు మండింది ఆలస్యానికి కాదు. పని ఆలస్యమవుతుంది, పెంబర్తిలోనూ అయ్యేది. మండింది కాగితం సంగతికి. మొదట్లో వాళ్ల ఒప్పందంలో, చెప్పిన తేదీ దాటి 12 నెలల్లో ఇవ్వకపోతే ఖర్చు కాని సొమ్ము వాపసు అడగవచ్చని ఉంది. 2015లో ఆ 12 నెలలు 18 నెలలయ్యాయి. 2016లో కొత్త షరతులు వచ్చేసరికి ఆ గడువే ఎగిరిపోయింది. డబ్బు తీసుకున్నాక ప్రామిసరీ నోటును అప్పు తీసుకున్నవాడే ఇంటికి తీసుకుపోయి దిద్దుకుంటే ఎట్లా ఉంటుంది? అప్పిచ్చినవాడు ‘సరే’ అని మీట నొక్కితేనే లోపలికి రానిస్తారు, కాబట్టి అతను నొక్కుతాడు. 2018లో ఒక అమెరికా చందాదారుడు తన 4,500 డాలర్లు వాపసు కావాలని చిన్న దావాల కోర్టుకు పోయాడు. గొడవలు వస్తే కోర్టులో కాదు, మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలని నువ్వు ఒప్పుకున్నావు కదా అని కంపెనీవాళ్లు అన్నారు. కేసు అక్కడే ఆగిపోయింది.

ఇంకో ముచ్చట విన్నప్పుడు నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. 2017 నవంబర్‌లో ఆ ఆటలోని గ్రహాల మీద భూమి హక్కు పత్రాలు అమ్మారు. చిన్న జాగా 50 డాలర్లు, పెద్దది 100 డాలర్లు. ఆ భూమి మీద చేయగలిగింది అప్పటికి ఏమీ లేదు. ఇది విన్న ఏ తెలుగువాడికైనా గుర్తుకొచ్చే పేరు ఒకటే ఉంటుంది, అగ్రిగోల్డ్.

విజయవాడ కేంద్రంగా మొదలై తెలంగాణ, కర్ణాటక, ఒడిశా దాకా పాకిన సంస్థ అది. నూటముప్ఫైకి పైగా కంపెనీలు పెట్టారు. ప్లాటుకు అడ్వాన్సు అని చెప్పి ఊరూరా ఏజెంట్లతో నెలవారీ వసూలు చేశారు. గడువు తీరాక ప్లాటు తీసుకో, లేదంటే వడ్డీతో సొమ్ము తీసుకో అన్నారు. ఇంతమందికి ఇవ్వడానికి సరిపడా భూమి వాళ్ల దగ్గర లేదు. 19 లక్షల మంది, 32 లక్షల ఖాతాలు, 6,380 కోట్ల రూపాయలు అని ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ లెక్క తేల్చింది. ఏజెంటు ఎవరు? పక్కింటి కోడలు, బడిపంతులు, చుట్టపాయన. సంస్థ మునిగాక జనం విజయవాడకు పోలేదు, ఏజెంటు గుమ్మం ముందుకు పోయారు. వాకిట్లో కూర్చొని అడిగే మా పాత పద్ధతి ఆ రోజు తప్పు వాకిలి ఎక్కింది. అసలువాళ్లను 2020 డిసెంబర్‌లో ఈడీ అరెస్టు చేసి 4,109 కోట్ల ఆస్తులు జప్తు చేసింది. వాటిలో కొన్ని బాధితుల కోసం విడిపించే పని 2025లో కానీ ఊపందుకోలేదు. పోలీసు కేసులు, సీఐడీ, హైకోర్టు, డిపాజిటర్ల రక్షణకు 1999లో చేసుకున్న చట్టం, ఇన్ని ఉండి కూడా ఇంత కాలం పట్టింది. ఉన్న భూమికే ఇంత కాలం పడితే తెరమీది భూమికి ఎవరు పంచనామా చేస్తారు?

స్టార్ సిటిజన్‌వాళ్లు అగ్రిగోల్డ్‌వాళ్ల లాంటివాళ్లని నేననడం లేదు. వాళ్లు వందలమందిని పెట్టుకొని పని చేయిస్తున్నారు, జమాఖర్చులు కూడా కొన్ని బయటపెడుతున్నారు. వడ్డీ ఇస్తామని ఎవరినీ పిలవలేదు. నేను చూసేది ఒక్కటే. డబ్బు తీసుకునేటప్పుడు వస్తువు పేరు చెప్పి, అడిగేటప్పుడు మాత్రం ‘మీరు మద్దతుదారులు’ అనడం. అక్కడ అడ్వాన్సు, ఇక్కడ మద్దతు. కౌంటరు మీద ధర చీటీ ఉంటుంది, బిల్లు వస్తుంది, జీఎస్టీలాంటి పన్ను కూడా కొన్ని దేశాల్లో పడుతుంది. పన్ను కట్టేటప్పుడు అమ్మకం, వాపసు అడిగేటప్పుడు విరాళమా?

ఈ తిరకాసుకు మన తెలుగు నేల మీద ఎప్పుడో జవాబు వచ్చిందని మనవడికి తెలియదు. వాడి తరానికి కోర్టు అంటే సినిమాలో చూసేదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు కొందరు జాతీయ విత్తనాల సంస్థ దగ్గర విత్తనాలు కొంటే సరిగా మొలవలేదు. జిల్లా వినియోగదారుల ఫోరాలకు పోయారు. సంస్థ రకరకాల అడ్డుపుల్లలు వేసింది. రైతులు వినియోగదారులే కారు, విత్తనాలకు వేరే చట్టం ఉంది, ఒప్పందంలో మధ్యవర్తి దగ్గరికి పోవాలని రాసి ఉంది, విత్తనం నమూనా ల్యాబుకు పంపలేదు. సుప్రీంకోర్టు 2012 జనవరిలో ఇవన్నీ తోసిపారేసింది. రైతు విత్తనాలన్నీ చల్లేస్తాడు కానీ, రేపు కేసు వేయాల్సి వస్తుందని గుప్పెడు దాచిపెట్టుకుంటాడా అన్నది. ఒప్పందంలో మధ్యవర్తి షరతు ఉన్నంతమాత్రాన వినియోగదారుల ఫోరం తలుపు మూసుకోదన్నది. అమెరికాలో ఆ 4,500 డాలర్ల చందాదారుడి కాలికి అడ్డుపడిన రాయే ఇది. మనవైపు ఆ రాయిని రైతులు ఎప్పుడో దొర్లించేశారు.

మానుకోటలో మా బావమరిదికి ఈ తీర్పు పేరు తెలియదు కానీ సారం తెలుసు. మిర్చి వేస్తాడు. విత్తనం చల్లిన తర్వాత ఖాళీ ప్యాకెట్లు, బిల్లులు ఇనుప పెట్టెలో దాస్తాడు. ప్యాకెట్ మీద లాట్ నంబరు చిరగకుండా కత్తిరించమని కోడలికి చెప్తాడు. ‘పంట మంచిగొస్తే పొయ్యిల పెడ్త. రాకుంటే అదే నా సాక్షి’ అంటాడు. బడి చదువు అంతంతమాత్రం. మా మనవడు ఇంజినీరు. వాడి దగ్గర డబ్బు కట్టిన నాటి షరతుల కాపీ లేదు.

అదే 2012లో, మే నెలలో ఇంకో తీర్పు వచ్చింది, ఇదీ మనదే. నార్నె కన్‌స్ట్రక్షన్ అనే హైదరాబాద్ కంపెనీ లేఅవుట్ వేసి, సభ్యులుగా చేరండి, వాయిదాల్లో కట్టండి, రోడ్లు, కాలువలు వేసి ప్లాట్లు అప్పగిస్తామంది. అప్పగింత జరగలేదని సభ్యులు ఫోరానికి పోతే, మేం భూమి అమ్మాం, సేవ చేస్తామనలేదు, కాబట్టి ఇది ఫోరం పరిధిలోకి రాదని కంపెనీ వాదించింది. అభివృద్ధి చేసి ఇస్తానని డబ్బు తీసుకున్నావు కదా, అది సేవే, అందులో లోపం ఉంటే వినియోగదారుడు అడగవచ్చు, అని సుప్రీంకోర్టు తేల్చింది. ఇంకా తయారు కాని వస్తువును తయారు చేసి ఇస్తానని వాయిదాల్లో సొమ్ము తీసుకోవడం. దీన్ని లేఅవుట్ అన్నా, గేమ్ అన్నా నాకు తేడా కనబడదు.

అవతలి పక్షం వాదన కూడా చెప్పాలి. 1994లో మోర్గన్ స్టాన్లీ కేసులో, షేర్లకు దరఖాస్తు పెట్టుకున్నవాడు వినియోగదారుడు కాడని అదే సుప్రీంకోర్టు అన్నది. లాభనష్టాల పందెంలోకి దిగినవాడికి ఫోరం ఎందుకని. న్యాయమే. ఆట అమ్ముడుపోతే నాకూ వాటా వస్తుందని పెట్టినవాడు అందులోకి వస్తాడు. ఒట్టి అభిమానంతో, ఏమీ వద్దు, మీరు తీయండి చాలు అని ఇచ్చినవాడు కూడా లెక్క అడగొచ్చేమో కానీ వాపసు అడగలేడు. గుజరాత్ పాల రైతులు 5 లక్షల మంది తలా రెండు రూపాయలు వేసుకుంటే 1976లో ‘మంథన్’ సినిమా వచ్చింది, మన తెలుగులో 2018లో ‘మను’ కూడా జనం డబ్బుతోనే వచ్చింది. అవి వేరు. ఫలానా తేదీకి ఆట కాపీ ఒకటి, ఫలానా ఓడ ఒకటి ఇస్తామంటే డబ్బు కట్టినవాడు నా లెక్కన కొనుగోలుదారే. వాడిని ఏ పేరుతో పిలిచినా సరే.

ఇక్కడి ఇల్లు కట్టేవాళ్లకు రెరా చట్టం 2016లో ఒక ముకుతాడు వేసింది. కొన్నవాళ్ల దగ్గర తీసుకున్న దాంట్లో నూటికి 70 రూపాయలు వేరే ఖాతాలో పెట్టి, పని జరిగినకొద్దీ మాత్రమే తీయాలి. పెంబర్తి బయానా పద్ధతే చట్టమై వచ్చిందన్నమాట. ప్రీలాంచ్ అని చెప్పి దీన్ని తప్పించుకున్నవాళ్లు హైదరాబాద్ చుట్టూ ఎందరున్నారో పేపర్లు చదివేవాళ్లకు చెప్పనక్కర్లేదు. అయినా చట్టం ఉంటే పట్టుకోవడానికి ఒక కొస దొరుకుతుంది. వీడియో గేమ్‌కు ఆ కొస కూడా లేదు. వచ్చిన సొమ్మంతా మొదటి రోజే చేతికి వస్తుంది. కిక్‌స్టార్టర్‌వాళ్లయితే తాము దుకాణం కాదని 2012లోనే చెప్పేసి చేతులు దులుపుకున్నారు. కమీషన్ మాత్రం తీసుకుంటారు.

అమెరికావాళ్లు బొత్తిగా నిద్రపోయారని కాదు. వాషింగ్టన్ రాష్ట్రంలో జరిగింది నాకు ముచ్చటేసింది. పేకముక్కల సెట్టు అచ్చు వేస్తానని ఒకాయన 810 మంది దగ్గర 25,000 డాలర్లు తీసుకొని ఇవ్వలేదు. వాళ్లలో ఆ రాష్ట్రంవాళ్లు 31 మందే. ఆ 31 మంది కోసం ప్రభుత్వ న్యాయవాదే 2014లో కోర్టుకెక్కాడు. వాళ్లకు వాపసు రావాల్సింది వెయ్యి డాలర్లు కూడా లేదు. కానీ జరిమానాలు, ఖర్చులు కలిపి 54,000 డాలర్లు పైన కట్టమని 2015లో తీర్పు వచ్చింది. అదే ఏడు అక్కడి కేంద్ర ప్రభుత్వంలో వినియోగదారులను కాపాడే ఎఫ్‌టీసీ అనే సంస్థ ఇంకొకాయనను పట్టుకుంది. బల్లమీద ఆడే ఆట ఒకటి తయారుచేస్తానని 1,22,000 డాలర్లు తీసుకొని ఇంటి అద్దెకు, సొంత ఖర్చులకు వాడుకున్నాడు. 1,11,000 డాలర్లు కట్టమన్నారు. కట్టలేనని చేతులెత్తేస్తే ఆ వసూలు పక్కన పెట్టారు. ఇక్కడ విశేషం ఏమిటంటే, వేరే కంపెనీ ఒకటి ముందుకొచ్చి ఆ ఆటను అచ్చు వేసి చందాదారులకు ఊరికే ఇచ్చింది. అట్లాంటివాళ్లూ ఉంటారు. పేరున్న నవలాకారుడు నీల్ స్టీఫెన్‌సన్ కూడా కత్తియుద్ధం ఆట తీస్తానని 2012లో 5 లక్షల డాలర్లకు పైగా తీసుకొని 2014లో మూసేశాడు. పేరు చూసి ఇచ్చినవాళ్లకు పేరు మిగిలింది.

మన దేశంలో ఒక ఆట కథ మాత్రం నాకు మా రోజులను తలపించింది. పుణెలో నాడింగ్ హెడ్స్ అనే చిన్న సంస్థ ‘రాజీ’ అనే ఆట కోసం 2017లో కిక్‌స్టార్టర్‌లో అడిగింది. అనుకున్నంత రాలేదు. రాకపోతే ఎవరి దగ్గరా పైసా తీసుకోరు, అక్కడి పద్ధతుల్లో నేను మెచ్చుకునేది అదొక్కటే. తర్వాత వాళ్లు సొంత ఆస్తి అమ్ముకొని పని నిలబెట్టారు. 2020లో ఆట బయటికి వచ్చింది. పూచీ అంటే అట్లా ఉండాలి, చీటీ నడిపేవాడు ముందు తన సొమ్ము బల్లమీద పెట్టినట్టు.

ఇంతకీ డబ్బు కట్టి, వస్తువు చేతికొచ్చాక అయినా అది మనదేనా? జనగామలో 1990లలో వీడియో గేమ్ పార్లర్లు ఉండేవి. గంటకింత అని తీసుకొని క్యాసెట్ పెట్టేవారు. కరెంటు పోతే మిగిలిన నిమిషాలు నోటుపుస్తకంలో రాసుకొని, మరుసటి రోజు ఆడనిచ్చేవారు. పిల్లవాడి పది నిమిషాలకు కూడా లెక్క ఉండేది. 2020 సెప్టెంబర్ 2న ప్రభుత్వం పబ్‌జీ అనే ఫోన్ ఆటను నిషేధించింది, అక్టోబర్ 30న సర్వర్లు ఆగిపోయాయి. అందులో తుపాకులకు, చొక్కాలకు పిల్లలు పోసిన డబ్బు ఏమైంది? తర్వాతి ఏడు అదే ఆట వేరే పేరుతో వచ్చి పాత ఖాతాలు మార్చుకోనిచ్చింది కాబట్టి కొందరు బతికిపోయారు. 2022 జూలైలో అదీ ఆగింది, 2023లో మళ్లీ వచ్చింది. నోటుపుస్తకం ఎవరి దగ్గర ఉందో ఎవరికీ తెలియదు. యూబీసాఫ్ట్ అనే పెద్ద కంపెనీ ‘ది క్రూ’ అనే కార్ల ఆటను 2024 మార్చి 31న మూసేస్తే డబ్బు పెట్టి కొన్న డిస్కులు ఉత్త పళ్లాలయ్యాయి. కొన్న ఆటలను ఇట్లా మూసేయొద్దని యూరప్‌లో పది లక్షల మందికి పైగా సంతకాలు పెట్టారు. ఆ మాట విని పిల్లల మీద నాకు కాస్త ఆశ పుట్టింది.

ఆ ఆశతోనే మొన్న దసరాకు వచ్చినప్పుడు మనవడిని కూర్చోబెట్టాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నువ్వు ఉన్న చోటి నుంచే ఫిర్యాదు వేయవచ్చు, కంపెనీ ఉన్న చోటికి పోనక్కర్లేదు అన్నాను. భూపాలపల్లికి రైలు లేకపోయినా ఫర్వాలేదు, ఆన్‌లైన్‌లో దాఖలు చేయవచ్చు. 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. మన దేశంలో పద్ధతి ప్రకారం అమ్మకాలు చేసే విదేశీ కంపెనీలకు కూడా 2020 ఈ-కామర్స్ నియమాలు వర్తిస్తాయి. ‘ఇంకా రెండు గంటలే, తర్వాత దొరకదు’ అని తొందరపెట్టి అమ్మడాన్ని 2023 నవంబర్‌లో ఇచ్చిన మార్గదర్శకాలు తప్పుడు ఎత్తుగడగా లెక్కగట్టాయి. ఇవన్నీ చెప్పాను. గెలిచినా వసూలు చేయడం కష్టమే, ఆ కంపెనీకి హనుమకొండలో జప్తు చేయడానికి ఒక్క కుర్చీ అయినా లేదని కూడా చెప్పాను. అబద్ధం చెప్పి కేసు వేయించడం ఎందుకు?

అంతా విని వాడన్న మాట, ‘వద్దు తాతా. పైసలు వాపసడిగితే నా అకౌంట్ బంద్ జేస్తరు.’

‘అకౌంట్‌ల ఏమున్నయిరా?’

‘ఆట వచ్చినంక వాడుకునేటియి.’

పక్కనే కూర్చున్న మానుకోట బావమరిది తువ్వాల భుజం మీద వేసుకుంటూ, ‘కేసు సంగతి తర్వాత. ముందుగాల పైసలు కట్టిననాడు వాళ్లు పంపిన మెయిల్ అచ్చు తీయించి నాకియ్యి, పెట్టెల పెడ్త’ అన్నాడు. వాడింకా తీయించలేదు. వచ్చే నెల ఉత్తరంలో ఏం రాస్తారో చూసి అప్పుడు ఆలోచిస్తానంటున్నాడు.